తిన్నగా అంటే దేనికి తిన్నగా?

కొత్త కారు ఇంటికొచ్చిన వారం పది రోజుల్లో కొందరికి ఒక చిన్న సంగతి కంట్లో నలుసులా తగులుతుంది. రోడ్డు తిన్నగా ఉంది, కారు తిన్నగా పోతోంది, స్టీరింగు మాత్రం గడియారంలో ముల్లు ఒక్క నిమిషం జరిగినట్టు కాస్త పక్కకు వాలి ఉంది. సర్వీసు సెంటర్లో చెబితే వీల్ అలైన్‌మెంట్ చేసి పంపుతారు. ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి రెండో రోజుకే మళ్లీ వాలుతుంది. బండి పక్కకు లాగడం లేదు కదా, టైరు అరగడం లేదు కదా, చూపుకు తప్ప నష్టమేముందన్న మాట కూడా తరచుగా వినిపిస్తుంది. ఆ మాటతో నేను ఏకీభవించను. చక్రాన్ని తిన్నగా నిలబెట్టే పనికి రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దాన్ని వరసగా చూస్తే తిన్నదనమనేది ఎప్పుడూ మరొకదానితో పోల్చి చెప్పేదేనని తెలుస్తుంది. ఆ పోల్చే వస్తువు తరతరానికీ మారింది: మొదట ఇరుసు, తర్వాత జత చక్రం, ఆ తర్వాత వెనక చక్రాలు, ఇప్పుడు కంప్యూటరు. వీటిలో ఏ రెంటికి పొత్తు చెడినా డ్రైవరు చేతికి మొదట తెలిసే చోటు స్టీరింగు. అందుకే వాలిన స్టీరింగు చెప్పేది వినాలి.

మన ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. రెండు చక్రాలు, ఒక్క ఇరుసు. ఎద్దులు ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది; లోపలి చక్రం నెమ్మదిగా, బయటిది వేగంగా తిరిగి తమ లెక్క తామే సరిచేసుకుంటాయి. నాలుగు చక్రాలు పెట్టగానే కథ మారుతుంది. దేవుడి రథాన్ని వీధి మలుపులో తిప్పడానికి చక్రాల కింద చెక్క దిమ్మలు వేసి అంతమంది అంతసేపు ఎందుకు శ్రమపడతారో గమనిస్తే చాలు: ఇరుసులు కదలకపోతే నాలుగు చక్రాల బండికి మలుపన్నది తెలియదు. ఐరోపాలో గుర్రబ్బళ్లు చేసేవాళ్లు ముందు ఇరుసునంతటినీ నడిమి మేకు మీద తిరిగేలా అమర్చి ఈ చిక్కు దాటారు. ఆ బళ్ల చక్రాల్లో ఇంకో విశేషం ఉంది. వాటి ఆకులు పళ్లెంలా బయటికి వాలి ఉండేవి. గుర్రం అడుగడుగుకీ బండిని అటూ ఇటూ ఊపే తోపుడును ఆ ఆకారం తట్టుకునేది. అలాంటి చక్రంలో బరువు మోసే కింది ఆకు నేలకు నిలువుగా ఉండాలంటే ఇరుసు కొసను కాస్త కిందికి వంచాలి. వంచితే చక్రం పైభాగం బయటికి ఒరుగుతుంది, ఒరిగిన చక్రం దొర్లుతూ బయటికి పోవాలని చూస్తుంది. దాన్ని అదుపు చేయడానికి ఇరుసు కొసను రవ్వంత ముందుకు కూడా వంచేవారు. ఇవాళ మెకానిక్ క్యాంబర్ అనేది ఆ మొదటి వంపు, టో-ఇన్ అనేది రెండోది. మోటారు పుట్టకముందే వడ్రంగీ కమ్మరీ కలిసి ఈ రెండింటికీ పొత్తు కుదిర్చారు. వాళ్ల లెక్కలో తిన్నగా ఉండటమంటే ఇరుసుకు తగినట్టు ఉండటం. కొలిమిలో ఒకసారి వంచాక దాన్ని నెలనెలా సరిచూసే పని లేదు.

ఆ పని పుట్టింది ముందు చక్రాలు రెండూ విడిపోయాక. మ్యూనిక్‌లో బళ్లు చేసే గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇరుసు మొత్తాన్ని తిప్పే బదులు, దాని రెండు కొసల్లోనూ చక్రాలు విడివిడిగా తిరిగే ఏర్పాటు కనిపెట్టాడు. లండన్‌లో పుస్తకాలు ప్రచురించే రుడాల్ఫ్ ఆకర్‌మన్ అతని తరఫున 1818లో పేటెంటు తీసుకున్నాడు. ఆ అమరికకు ఇవాళ్టికీ ఆకర్‌మన్ పేరే. 1878లో ఫ్రాన్సుకు చెందిన షార్ల్ జాంతో చక్రాలను తిప్పే చేతులను వెనక ఇరుసు వైపు గురిపెట్టినట్టు వాల్చాడు. దాంతో మలుపులో లోపలి చక్రం బయటిదానికన్నా ఎక్కువ తిరగడం సాధ్యమైంది. చక్రాలు తిరిగే కీళ్ల మధ్య 1.4 మీటర్లు, ముందు వెనక ఇరుసుల మధ్య 2.4 మీటర్లు ఉన్న బండిలో లోపలి చక్రం 30 డిగ్రీలు తిరిగితే బయటిది 23 డిగ్రీలే తిరగాలి; లేకపోతే రెంటిలో ఒకటి రోడ్డును గీసుకుంటూ పోతుంది. కార్ల్ బెంజ్ 1885లో చేసిన కారుకు మూడే చక్రాలు పెట్టడానికి ఈ లెక్క ఇంకా అతని చేతికి చిక్కకపోవడమే కారణం. నాలుగు చక్రాల బండికి తగిన స్టీరింగు పేటెంటు అతనికి 1893లో గానీ రాలేదు. విడిపోయిన ఆ రెండు చక్రాలనూ కలిపేది ఒక కడ్డీ, మన మెకానిక్కుల మాటలో టై రాడ్. కడ్డీ పొడవు మారితే చక్రాల మధ్య కోణం మారుతుంది. కమ్మరి కొలిమిలో స్థిరపడిన వంపు ఇప్పుడు మరతో తిప్పి మార్చుకునే కొలతైంది. మార్చుకోగలిగినది తప్పిపోగలదు కూడా. అలైన్‌మెంట్ అనే వృత్తికి మూలం అక్కడుంది.

స్టీరింగు చక్రానికి మాత్రం పుట్టిన రోజుల్లో తలా పాదమూ లేవు. మొదటి కార్లను పడవ చుక్కాని లాంటి కర్రతో తిప్పేవారు. 1894లో పారిస్ నుంచి రువాన్‌కు జరిగిన పోటీలో ఆల్‌ఫ్రెడ్ వాషెరాన్ తన పనార్ బండికి కర్ర బదులు గుండ్రటి చక్రం బిగించుకొచ్చాడు. కొన్నేళ్లలోనే కర్ర దాదాపు కనుమరుగైంది. చుక్కాని కర్రకు ఒక దిక్కు ఉంటుంది, గుండ్రటి చక్రానికి ఉండదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ స్టీరింగుకు నాలుగు ఆకులు కూడిక గుర్తులా ఉండేవి, పావు చుట్టు తిప్పినా మళ్లీ అదే రూపు. కీళ్లలో ఆ కాలానికి సహజమైన వదులు ఉండగా, రెండు మూడు డిగ్రీల వాలుకు వేరే అర్థం తీయడం సాధ్యం కాదు. తర్వాత్తర్వాత ఆకుల సంఖ్య తగ్గి, వాటి సందులోంచి మీటర్లు కనబడేలా అమరిక మారింది. 1940 నాటికి బ్యూక్ కార్లలో మలుపు తిరిగాక తనంతట తాను ఆరిపోయే ఇండికేటరు వచ్చింది. దాన్ని ఆర్పేది స్టీరింగు కింద ఉండే ఒక చిన్న గాడి కాబట్టి, స్టీరింగు నడిమి స్థానం తప్పితే ఇండికేటరు ఒక పక్క త్వరగా, మరో పక్క ఆలస్యంగా ఆరుతుంది. తాళం, ఎయిర్‌బ్యాగ్, బటన్లు ఒకదాని వెంట ఒకటి చేరాయి. స్టీరింగుకు తల ఏర్పడ్డాకే తల వాల్చిందన్న మాటకు అర్థం వచ్చింది.

చక్రాల తిన్నదనం గురించి మోటారు లోకం మొదటిసారి గాభరా పడింది 1920లలో. ఫైర్‌స్టోన్ 1923లో తక్కువ గాలితో నడిచే లావు టైర్లు తెచ్చింది. అవి మెత్తగా ఉండి గతుకులు మింగేవి. దాదాపు అదే కాలంలో ముందు చక్రాలకు కూడా బ్రేకులు వచ్చి బరువు పెరిగింది. ఈ రెండూ కలిసేసరికి, ఒకే దూలం లాంటి ఇరుసుకు బిగించిన ముందు చక్రాలు ఒక వేగం దాటాక భయంకరంగా వణకసాగాయి. ఒక చక్రం గతుకెక్కితే ఇరుసు ఒరుగుతుంది, ఇరుసు ఒరిగితే రెండో చక్రమూ ఒరుగుతుంది, తిరుగుతున్న చక్రం ఒరిగితే బొంగరంలా పక్కకు తిరగాలని చూస్తుంది. ఆ తిరుగుడు కడ్డీ గుండా మొదటి చక్రానికి చేరి మళ్లీ మొదలవుతుంది. వణుకు స్టీరింగును చేతుల్లోంచి లాక్కునేంతగా ఉండేది. టో కాస్త మార్చి, చక్రం తిరిగే కీలు వెనక్కి వాలే కోణాన్ని, అంటే క్యాస్టర్‌ను, తగ్గించి ఎవరికి తోచింది వాళ్లు చేశారు. రోల్స్ రాయిస్ నుంచి 1930లో కాడిలాక్‌కు వెళ్లిన మారిస్ ఓలీ వంటి ఇంజనీర్ల పరిశోధన ఫలితంగా 1934 జనరల్ మోటార్స్ కార్లలో ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ వచ్చింది. వణుకు తగ్గింది, కానీ తిన్నదనానికి ఉన్న పాత ఆసరా పోయింది. రెండు చక్రాలనూ కలిపి పట్టుకున్న దూలం ఇప్పుడు లేదు. క్యాంబర్, క్యాస్టర్, టో మూడూ చక్రం చక్రానికీ వేరు. అంతకుముందు టైరు మీద సుద్దతో గీత గీసి, ముందు వైపూ వెనక వైపూ కడ్డీతో దూరం కొలిచి టో చూసేవారు. దారం లాగి చూసే పద్ధతీ ఉంది. కొత్త సస్పెన్షన్‌కు ఆ దారం చాలలేదు. ప్రత్యేకమైన గేజీలు, గుంటలు, 1950లలో సెయింట్ లూయిస్‌కు చెందిన లీ హంటర్ కంపెనీ చేసిన వెలుగు గీతను పటం మీద పడేసే యంత్రం వంటివి ఈ అవసరంలోంచి వచ్చినవే. అయినా ఈ పరికరాలతో సాధారణంగా చూసేది ముందు చక్రాలు రెంటినీ ఒకదానితో ఒకటి. జత చక్రమే కొలబద్ద. వెనక ఇరుసు తిన్నగా ఉందన్నది అడగకుండానే ఒప్పుకున్న విషయం.

అది ఎంత పెద్ద ఊహో మన రోడ్ల మీద తిరిగే వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ముందు వెళ్తున్న పాత లారీ ముక్కు ఒక వైపు, తోక ఒక వైపు పెట్టి పక్కవాటంగా పోతుండటం అందరూ చూసిందే. వెనక ఇరుసును కమాను పట్టీలకు కుదురుగా నిలిపేది పట్టీల నడిమి నుంచి దిగే సెంటర్ బోల్టు. అది తెగితే ఇరుసు ఒక పక్క వేలెడంత వెనక్కి జరుగుతుంది. వెనక చక్రాలు బండిని ఇక తమ దిక్కుకు తోస్తాయి. డ్రైవరు ముందు చక్రాలను అదే దిక్కుకు తిప్పి పట్టుకుంటేనే బండి రోడ్డు మీద ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు టై రాడ్ జోలికి పోకముందే కమాను కట్ట చూడటం ఈ అనుభవంతోనే. అంబాసిడర్‌కూ వెనక అదే తరహా ఇరుసు, అవే పట్టీలు. కారులో ఈ తప్పు లారీలో అంత బాహాటంగా కనిపించదు, కొలతలు మాత్రం అవే చెబుతాయి. వెనక చక్రాలు కారు నడిమి గీతకు 0.2 డిగ్రీ పక్కకు చూస్తున్నాయనుకుందాం. ఇరుసుల మధ్య 2.4 మీటర్లుంటే కారు తోక దాదాపు 8 మిల్లీమీటర్లు పక్కకు జరిగి నడుస్తుంది. వెనక నుంచి చూసేవాడి కంటికి అది ఆనదు. కానీ ముందు చక్రాలు కూడా ఆ 0.2 డిగ్రీ తిరిగి ఉండాలి. స్టీరింగు నిష్పత్తి 15కు 1 అయితే స్టీరింగు 3 డిగ్రీలు వాలుతుంది. 370 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్టీరింగు అంచు మీద అది సుమారు 10 మిల్లీమీటర్లు. కంటికి చిక్కని తప్పు అరచేతిలో ఒక సెంటీమీటరై కూర్చుంటుంది. 1970, 80లలో ముందు చక్రాలతో నడిచే తేలిక కార్లు పెరిగాయి, వెనక చక్రాలూ చాలా కార్లలో దేనికది విడిపోయాయి. నాలుగు చక్రాల అలైన్‌మెంట్ అప్పుడు అవసరమైంది. ముందు జతను ముందు జతతో పోల్చి ఎంత సరిగ్గా బిగించినా, వెనక తోపు పక్కకు ఉన్నంతకాలం స్టీరింగు వాలుతూనే ఉంటుంది. అలైన్‌మెంట్ చేయించిన మర్నాడే ఫిర్యాదు తిరిగి రావడానికి ఇదో ప్రధాన కారణం.

టైరు అరగనప్పుడు నష్టమేమిటన్న ప్రశ్నకు ఇక్కడ నిజాయితీగా జవాబు చెప్పాలి. అందులో సగం నిజం ఉంది. టై రాడ్లు రెండూ కలిపి ఇచ్చే మొత్తం టో సరిగ్గా ఉండి, ఒకటి కాస్త పొడవుగా, రెండోది అంతే పొట్టిగా ఉంటే, కారు కదిలాక చక్రాలు ఆ తేడాను తమలో తాము సమంగా పంచుకుంటాయి. స్టీరింగు వాలుతుంది, టైరుకు ఏమీ కాదు. మొత్తం టోలో తప్పుంటే సంగతి వేరు. ఒక చక్రం ఒక డిగ్రీ పక్కకు చూస్తే ప్రతి కిలోమీటరుకూ 17 మీటర్లు రోడ్డు మీద అడ్డంగా రుద్దుకున్నట్టే. వాలిన స్టీరింగు వెనక వీటిలో ఏదున్నదీ, లేక వెనక ఇరుసే పక్కకు జరిగిందా అన్నదీ స్టీరింగును చూసి తేల్చలేం. నష్టం లేని కారణమూ నష్టమున్న కారణమూ ఒకే గుర్తుతో బయటపడుతున్నప్పుడు, కొలవకుండానే నష్టం లేనిదని తీర్పు చెప్పడం పొరపాటు.

స్టీరింగు వాలడానికి రోడ్డు వాలే కారణమన్నది ఇంకా గట్టి అభ్యంతరం, ఎందుకంటే అది కూడా నిజమే. వాన నీరు నిలవకుండా రోడ్డును నడిమిన ఎత్తుగా, పక్కలకు వాలుగా వేయడం ఇంజనీర్ల పాత పద్ధతి. వంద అడుగులకు రెండడుగుల వాలున్నా, 1,000 కిలోల కారును సుమారు 20 కిలోల బలం ఎప్పుడూ పక్కకు తోస్తుంటుంది. మనం ఎడమ పక్క నడుపుతాం కనుక ఆ తోపు ఎడమకే. స్టీరింగును పిసరు కుడికి పట్టుకోవాలి. రేడియల్ టైర్లు వచ్చాక ఇంకో కారణం చేరింది. 1946లో మిషెలిన్ పేటెంటు తీసుకున్న ఈ టైరులో నడకభాగం కింద ఉక్కు పట్టీ ఉంటుంది. తయారీలో అది రవ్వంత పక్కకు జరిగితే టైరు గరాటులా ఒక వైపుకే దొర్లాలని చూస్తుంది. దాన్ని అలైన్‌మెంట్ యంత్రం పట్టలేదు. ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి చూస్తే లాగే దిక్కు మారుతుంది. అయితే ఈ రెండూ బండిని లాగే కారణాలు. చేయి వదిలితే కారు పక్కకు పోతుంది. స్టీరింగు సెంటర్ తప్పడం వేరు: వాలిన స్టీరింగును అలాగే వదిలేసినా కారు తిన్నగానే పోతుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. రోడ్డు వాలే కారణమైతే కుడికి వాలిన రోడ్డు మీద స్టీరింగు ఎడమకు మారాలి. ఏ రోడ్డు మీదైనా ఒకే పక్కకు, ఒకే కొలతలో వాలుతుంటే తప్పు రోడ్డుది కాదు.

ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించి పంపిన కొత్త కారులో ఈ తప్పు ఎలా వస్తుందన్నది చాలామందికి మింగుడుపడదు. ఫ్యాక్టరీ చివరి దశలో కారును రోలర్ల మీద నిలిపి, స్టీరింగును ఒక పరికరంతో మట్టంగా పట్టి ఉంచి, కింద నుంచి టై రాడ్లు బిగిస్తారు. ప్రతి కొలతకూ ఇంత వరకు అటూ ఇటూ ఉండవచ్చన్న హద్దు ఉంటుంది. చక్రం మీద 5 నిమిషాల తేడా, అంటే డిగ్రీలో పన్నెండో వంతు, 15 రెట్లయి స్టీరింగు మీద ఒకటింబావు డిగ్రీ అవుతుంది. వెనక ఇరుసు నుంచి కూడా అంతే తేడా అదే దిక్కులో కలిస్తే రెండున్నర డిగ్రీలు. ఏ కొలతా హద్దు దాటకుండానే వాలు కంటికి ఆనుతుంది. ఆపైన స్ప్రింగులూ రబ్బరు బుష్షులూ మొదటి నెలల్లో బరువుకు సర్దుకుంటాయి; మోసుకొచ్చే ట్రెయిలర్ మీద బిగింపులు, దించేటప్పుడు తగిలే అంచులు ఉండనే ఉన్నాయి. కాబట్టి కొత్త కారులో ఇది వింత కాదు, కానీ సహజమే కదా అని సరిపెట్టుకోవాల్సిన పనీ లేదు. కొలత కాగితం మీద నాలుగు చక్రాల అంకెలూ పచ్చగా ఉన్నా స్టీరింగు వాలితే, ఆ అంకెల కూడికను చూడాలి.

ఇన్ని లెక్కలెందుకు, స్టీరింగు ఊడదీసి ఒక పన్ను జరిపి బిగిస్తే పోలేదా అన్న దగ్గరి దారి పాత గ్యారేజీల్లో ఉండేది. అప్పట్లోనూ అది మంచి పని కాదు. స్టీరింగు పెట్టె నడిమి స్థానంలోనే పళ్లు బిగువుగా కలుస్తాయి. పైన చక్రాన్ని మాత్రం జరిపితే కారు తిన్నగా పోయేటప్పుడు పళ్లు వదులున్న చోట ఉంటాయి, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ తిరుగుతుంది. ఎయిర్‌బ్యాగ్ వచ్చాక ఆ దారి ప్రమాదకరం కూడా అయింది. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. 1995లో బాష్, మెర్సిడిస్ కలిసి తెచ్చిన, కారు జారకుండా ఆపే ఈఎస్‌పీతో స్టీరింగు మరో మెట్టెక్కింది. స్టీరింగు కోణాన్ని ఒక సెన్సారు చదువుతుంది, కారు నిజంగా ఎంత తిరుగుతోందో మరొకటి చెబుతుంది. రెండూ పొసగకపోతే కారు జారుతోందని కంప్యూటరు గ్రహించి ఏదో ఒక చక్రానికి బ్రేకు వేస్తుంది. 1997 అక్టోబరులో స్వీడన్‌లో ఒక పత్రిక చేసిన పరీక్షలో మెర్సిడిస్ ఏ-క్లాస్ పల్టీ కొట్టాక ఆ చిన్న కారుకు కూడా ఈఎస్‌పీ ఇచ్చారు. అక్కడి నుంచి అది సామాన్య కార్లకు పాకింది. స్టీరింగు 3 డిగ్రీలు వాలి ఉంటే, కారు తిన్నగా పోతున్నా డ్రైవరు తిప్పాలనుకుంటున్నాడని సెన్సారు చెబుతుంది. ఇప్పటి కంప్యూటర్లు కొంత మేరకు ఆ తేడాను తామే నేర్చుకుని సర్దుకుంటాయి, నిజమే. ఆ సర్దుబాటుకు హద్దు ఉంది. పైగా సర్దుకున్నంత మాత్రాన వెనక ఇరుసు తిన్నబడదు.

అందువల్ల ఇవాళ పని తెలిసిన చోట వరస ఇలా ఉంటుంది. టైర్లలో గాలి, కీళ్లలో వదులు చూశాక మొదట వెనక చక్రాలు కొలుస్తారు. వీలున్న కార్లలో సరిచేస్తారు, వీల్లేని కార్లలో అవి తోసే గీతను నమోదు చేసుకుంటారు. ఆ గీతకే ముందు చక్రాలను పోలుస్తారు. స్టీరింగును మట్టంగా బిగించి పట్టి, రెండు టై రాడ్లనూ విడివిడిగా సరిచేసి, చివర సెన్సారుకు సున్నా ఎక్కడో కొత్తగా చెబుతారు. 2013లో ఇన్ఫినిటీ క్యూ50 స్టీరింగుకూ చక్రాలకూ మధ్య మామూలుగా తీగల గుండా మాత్రమే మాట వెళ్లే ఏర్పాటుతో వచ్చింది, ఆపదకు మాత్రం కడ్డీ ఉంచుకుంది. 2023 చివర వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్‌లో ఆ కడ్డీ కూడా లేదు. ఇలాంటి బండిలో స్టీరింగును ఎక్కడ నిలిపితే అక్కడే మట్టమని కంప్యూటరు చూపించగలదు. కింద టై రాడ్లు మాత్రం అలాగే ఉన్నాయి, వెనక చక్రాలు తమ దిక్కుకే తోస్తున్నాయి. ఆ తోపు ఎటుందో చెప్పే వాలు మాత్రం డ్రైవరు చేతికి అందకుండా పోవచ్చు.